‘చ్చు’కీ ‘ద్దు’కీ మధ్య

నిన్న బేకరీలో టీ కలుపుతున్న అతను చక్కెర చెంచా ఎత్తేసరికి నా నోట్లోంచి "వద్దు, వెయ్యకండి" అని రెండు మాటలు వచ్చాయి. ఒక్క ‘వద్దు’ చాలు. అతనికి వినపడింది కూడా. అయినా రెండోది తోసుకుంటూ వచ్చేసింది. అతను చెంచా డబ్బాలో పడేసి నవ్వుతూ, "మీరు సుత సారు లెక్కనే చెప్తుండ్రు మేడమ్" అన్నాడు. సార్ పోయారని అతనికి ఇంకా తెలియదు. నేనూ చెప్పలేదు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను.

సార్ అలాగే అనేవారు. ‘వద్దు’ అనే మాటను ఆయన ఎన్నడూ ఒంటరిగా పంపలేదు. "చక్కెర వద్దు, ఎయ్యకు." "లిఫ్ట్ వద్దు, మెట్లెక్కుత." "ఆ ఫైలు తెరవొద్దు, ముట్టకు." ఒకసారి మా ఆఫీసులో అమ్మాయి పెళ్ళికి అందరం వెళ్ళాం. భోజనాల దగ్గర విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "వద్దు, ఎయ్యకు, చాలు" అని మూడుసార్లు అంటే, వడ్డించే ఆవిడ ఏం తప్పు చేశానోనని బిత్తరపోయింది. ఆయనకి కోపం కాదు, భయం. ఒక మాట దారిలో రాలిపోయినా ఇంకొకటైనా చేరాలని. ఎదురుగా నిలబడ్డ మనిషికి మూరెడు దూరం నుంచి చెప్పే మాట దారిలో ఎందుకు రాలిపోతుందండీ అని నేను విసుక్కునేదాన్ని. "అలవాటు తప్పితే ఫోన్ల సుత తప్పుత బిడ్డా" అనేవారు.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ బేకరీ పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. అంబులెన్సులో ఉన్న నర్సు దారిలోంచే ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడడానికి ఒక ఫోను ఉంటుంది. దాని లోపలి సాఫ్ట్‌వేర్ మా పని. సార్ ఒక ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి రేడియో సెట్లతో కుస్తీపట్టి, రిటైరై, ఇంట్లో కూర్చోలేక మా దగ్గర చేరారు. ఆయన జీవిత చరిత్ర నాకు అంతకంటే తెలియదు. కిటికీ పక్క బల్ల, తెగితే నల్లటేపు చుట్టిన హెడ్‌ఫోను తీగ, జేబులో బస్ పాస్ సైజు నోటుపుస్తకం. అదే నాకు తెలిసిన మనిషి.

ఫోనులో మన మాట కాలువలో నీళ్ళలా పారుతూ పోదు. ముక్కలై పోతుంది. సెకనుని యాభై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక్కో ముక్క. అవతలి ఫోను ఆ ముక్కల్ని వరసగా పేర్చి మళ్ళీ గొంతు చేస్తుంది. కొన్ని ముక్కలు దారి తప్పిపోతాయి, కొన్ని ఆలస్యంగా వస్తాయి. ఆలస్యంగా వచ్చినవాటిని ఏం చేస్తామని ఉద్యోగంలో చేరిన మొదటి రోజు అడిగాను. సార్ కళ్ళజోడు పైనుంచి చూశారు.

"లగ్గం అయిపోయినంక వచ్చిన అయ్యగారిని ఏం చేస్తం? కూసోబెట్టి బువ్వ పెడ్తం. మళ్ళ తాళైతే కట్టియ్యం గద!"

మా పనిలో వీటన్నిటికీ పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లున్నాయి. ఆయన వాటిని కాగితాల మీద రాసేవారే గాని నోటితో పలికేవారు కాదు. ముక్క తప్పిపోయిన చోటు ‘గండి’. అంతకు ముందు వినపడిన శబ్దాన్నే కాస్త సాగదీసి, మెల్లగా తగ్గిస్తూ ఆ గండిని నింపడం ‘పూడ్చుడు’. ఆలస్యపు ముక్కల కోసం ఫోను ఎంతసేపు ఎదురుచూడాలి అన్నదానికి ఆయన పెట్టిన పేరు ‘ఓపిక’. పొద్దున్నే సంచీ బల్ల మీద పెడుతూనే, "ఇయ్యాల ఓపిక ఎంత పెట్టినవ్ బిడ్డా?" అని అడిగేవారు. కొత్తవాళ్ళు తమ స్వభావం గురించి అడుగుతున్నారనుకుని, "చాలా ఉంది సార్" అనేవారు. ఓపిక ఎక్కువ పెడితే మాట ఆలస్యంగా చేరి ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తారు. తక్కువ పెడితే అన్నీ గండ్లే. ఈ రెంటి మధ్య ఆయన రోజంతా నలిగేవారు.

చిన్న గండిని పూడిస్తే మనిషి చెవి గమనించదు. పెద్ద గండిని పూడ్చడానికి మాత్రం సార్ ఒప్పుకునేవారు కాదు. అక్కడ ‘టక్’ మని ఒక శబ్దం పెట్టించారు. దాని పేరు ‘గిల్లుడు’. ఇక్కడ ఏదో పోయిందని చెవిని గిల్లి చెప్పాలట. వినేవాళ్ళు ‘ఏంటీ, మళ్ళీ చెప్పండి’ అనాలట. అంత పట్టుదల ఎందుకో ఆయన నోటుపుస్తకం చూస్తే తెలుస్తుంది. పేజీకి అడ్డంగా రెండు వరసలు. ఇవ్వొచ్చు, ఇవ్వొద్దు. తాగొచ్చు, తాగొద్దు. లేపొచ్చు, లేపొద్దు. రావొచ్చు, రావొద్దు. అలా పుస్తకం నిండా.

"మన మాటల అసలు సంగతంత తోకల ఉంటది బిడ్డా. ఇంగ్లీషోడు నో అని ముందుగాల్నే చెప్పేస్తడు. మనం మొత్తం చెప్పి, ఆఖర్ల చ్చు అంటమో, ద్దు అంటమో. ఆ తోక పోయి గండిల వడ్డదనుకో! యంత్రం దాన్ని నున్నగ పూడుస్తది. మిగిలింది ఏంది? ఇవ్వొ... ఉ. గంతే. ఇంక ఎవలకు తోచింది వాళ్ళు ఇనుడే."

ప్రతి సోమవారం ఆ మాటల తోకలు కత్తిరించి, పూడ్చి, మాకు వినిపించేవారు. చ్చు అనుకున్నవాళ్ళు చేతులెత్తాలి, ద్దు అనుకున్నవాళ్ళు చేతులెత్తాలి. ఎప్పుడూ చెరి సగం. ఆఫీసులో చాటుగా ఆయన్ని ‘ద్దు సార్’ అనేవాళ్ళం. అది ఆయనకీ తెలుసు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "చ్చు సార్ అని సుత పిలవొచ్చు, నాకేం ఫికర్ లేదు" అని చెప్పి వెళ్ళిపోయారు.

ఇంత భయం వెనక ఏదో ఘోరం జరిగి ఉంటుందని మా యజమాని నమ్మకం. తప్పుగా విన్న ఒక మాట, దాని వల్ల పోయిన ఒక ప్రాణం, అలాంటిదేదో. ఆ కథ వినాలని నాకూ ఉండేది. ఒక మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటుండగా ధైర్యం చేసి అడిగేశాను.

"ఏం లేదు బిడ్డా" అన్నారు.

"ఏమీ లేకుండా ఇంత పరేషాన్ ఎందుకు సార్?"

"ఏదన్న అయితెనే పరేషాన్ కావాల్నా ఏందీ? జెర ఆలోచిస్తే చాలదా?"

వెనక కథ ఉన్న మనిషిని చూసి జాలిపడి ఊరుకోవచ్చు. ఏ కథా లేకుండా భయపడేవాడు చెప్పేది నిజమేమో అనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆ భయం నాకూ అంటుకుంది. ఇంట్లో మా ఆయన కూర బాగుందన్నా, ‘బాగుందా, బాగులేదా, సరిగ్గా చెప్పండి’ అని ప్రాణం తీసేదాన్ని.

అలాంటిదాన్ని, గిల్లుడుని నేనే తీసేశాను.

ఒక ఆసుపత్రి మా ఫోనుని ముందు ఒకే ఒక్క అంబులెన్సులో పెట్టి చూస్తోంది. రెండు రోజుల్లో వాళ్ళ పెద్దలు వచ్చి వింటారనగా మా యజమాని ఒకసారి చెవిన పెట్టుకుని మొహం చిట్లించారు. "ఈ టక్కు టక్కు ఏంటమ్మా! ఫోన్ పాడైపోయిందనుకుంటారు. తీసేద్దురూ. సార్‌కి నేను చెప్తాలెండి" అన్నారు. ఆ రోజు సార్ సెలవు. భార్యకి కళ్ళ పరీక్ష ఉందని తీసుకెళ్ళారు. నేను కోడులో ఒక్క వాక్యం చెరిపాను. శబ్దం పట్టులా జారింది. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. యజమాని ఆయనకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మార్చిన సాఫ్ట్‌వేర్ సాయంత్రానికల్లా అంబులెన్సులోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పదిన్నరకి సార్ కిటికీ దగ్గర, నేను పక్క బల్ల దగ్గర, ఇద్దరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాం. ఆ నెలంతా మాటలు ఎలా చేరుతున్నాయో వినడానికి ఆసుపత్రి మాకు అనుమతి ఇచ్చింది. స్కూటర్ మీంచి పడ్డ ఒక పెద్దాయన్ని తీసుకొస్తున్నారు. వెనక ఆయన మూలుగు వినపడుతోంది. నర్సు, "సార్, నొప్పికి ఆ ఇంజక్షన్ ఇప్పుడే ఇవ్వొచ్చా?" అని అడిగింది. డాక్టరు గొంతు, "ఇవ్వొ..." అంది. తర్వాత నున్నగా, మెత్తగా ఒక ‘ఉ’. నర్సు, "ఓకే సార్" అని పెట్టేసింది.

సార్ హెడ్‌ఫోను తీసి నావైపు తిరిగారు. "ఏమన్నడు?"

"ఇవ్వొచ్చు అన్నారు."

"నాకు ఇవ్వొద్దు అని వినపడ్డది." తెర మీదికి వంగారు. గండి అక్కడ కనపడుతూనే ఉంది, వేలెడంత. "గిల్లుడేది?"

నేను నా తెర వైపు తిరిగాను.

"గిల్లుడేది బిడ్డా?"

"తీసేశాను సార్."

సార్ తన పాత మీటల ఫోను తీసి, గోడకి అంటించిన కాగితం చూస్తూ అంబులెన్సు డ్రైవరు నంబరు నొక్కారు. తొందరలో తప్పు నంబరు పోయింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. "మాఫ్ చెయ్యమ్మా" అని మళ్ళీ నొక్కారు. నేను ఆసుపత్రికి చేశాను. డాక్టరు వేరే పేషెంటు దగ్గరికి వెళ్ళారు, పిలుస్తాం, లైన్లో ఉండండి అన్నారు. లైన్లో ఏదో వీణ సంగీతం పెట్టారు. ఆ సిరంజి ఇప్పుడు ఎక్కడుంది? చేతిలోనా, చర్మం లోపలా? నేను చెరిపిన ఒక్క వాక్యం వల్ల ఒక ముసలాయనకి ఏమవుతోంది?

డ్రైవరు ఎత్తాడు. సార్ లేచి నిలబడి మాట్లాడారు.

"అన్నా, సిస్టర్‌కు చెప్పు. ఇంజక్షన్ ఇయ్యొద్దు, ఆపు. డాక్టరు మళ్ళ చెప్పేదాంక ఆగుమను. నేనేం చెప్పిన? ఒక్కసారి చెప్పు."

"ఇంజక్షన్ ఆపమన్నరు సార్."

"ఆఁ. గదే."

సూది అప్పటికి నర్సు చేతిలోనే ఉందట. అంతవరకు అదృష్టం. డాక్టరు ఫోను దగ్గరికి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ సార్ చెవి దగ్గర పెట్టుకున్న ఫోనులో పెద్దాయన మూలుగుతూనే ఉన్నాడు. డాక్టరు వచ్చి నా మాట వింటూనే చిరాకుపడ్డారు. "ఇవ్వొచ్చనే అన్నాను కదమ్మా! ఎందుకు ఆపారు? వెంటనే ఇమ్మనండి." సార్ ఆ మాట డ్రైవరుకి చెప్పి, తిరిగి చెప్పించుకుని, కూర్చున్నారు. చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది.

యజమాని తన గదిలోంచి వచ్చి సంగతి విని తేలిగ్గా ఊపిరి వదిలారు. "చూశారాండీ, అమ్మాయి విన్నదే కరెక్టు! మీరు ఊరికే హడావిడి పడ్డారు" అన్నారు. నాకు సంతోషం కలగలేదు గాని, గుండె మీంచి బరువు దిగింది. అది సార్ చూశారేమో. యజమాని వెళ్ళాక మెల్లగా అన్నారు.

"నీ మాటే కరెక్టు అయింది. కాని నువ్వు ఇనలే బిడ్డా. అనుకున్నవ్."

నాకు ఏడుపొచ్చింది.

"నేను సుత ఇనలే. నేను సుత అనుకున్ననే. ఆశున్న చెవికి చ్చు వినపడ్తది, భయమున్న చెవికి ద్దు వినపడ్తది. ఆ పెద్దమనిషికి నాలుగు నిమిషాలు తక్లీఫ్ ఇచ్చింది నా చెవే." కాసేపు తీగ మీది నల్లటేపు గోటితో గీకుతూ కూర్చున్నారు. "గిల్లుడు ఉంటే ఆ సిస్టరే మళ్ళ అడుగుతుండె. మనిద్దరి చెవులతోని పనే పడకపోతుండె."

మధ్యాహ్నంలోగా ఆ వాక్యం మళ్ళీ పెట్టాను. ఆసుపత్రివాళ్ళు వచ్చినప్పుడు టక్కుమంటే, ఎందుకో సార్ వివరించారు. వాళ్ళు తలూపారు. యజమాని మొహం మాత్రం చాలా రోజులు ముడుచుకునే ఉంది. నా మీద సార్ ఏ ఫిర్యాదూ చేయలేదు. అప్పుడప్పుడు మాత్రం దాటిపోతూ, నా బల్ల మీద వేలితో ‘టక్’ మని కొట్టి పోయేవారు.

పోయిన నెల ఆయనకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బోయిన్‌పల్లిలో వాళ్ళ ఇంటి దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో చేర్చారు. నేను మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను. మా ఫోను కాదు, అందరూ వాడే మామూలు యాప్. దాంట్లో గిల్లుడు లేదు. గొంతు సన్నబడింది గాని మనిషి మారలేదు.

"ఓపిక ఎంత పెట్టినవ్ బిడ్డా ఈసారి?"

"ఎక్కువే పెట్టాను సార్. మీరు లేరు కదా, భయం" అన్నాను. నవ్వారు. "సార్, సాయంత్రం రావొచ్చా?" అని అడిగాను.

"రావొ..." అన్నారు. తర్వాత ఒక ‘ఉ’. నున్నగా, మెత్తగా. తర్వాత దగ్గు, స్పష్టంగా. పక్కనున్న వాళ్ళావిడ, ఆంటీ గొంతు, "నీళ్ళు తాగు, నీళ్ళు తాగు" అని, అదీ స్పష్టంగా. ఆ తర్వాత ఆయన, "ఫోన్ పెడ్త బిడ్డా" అన్నారు.

రావొద్దన్నారు అనుకున్నాను. ఆ సాయంత్రం కొత్త సాఫ్ట్‌వేర్ పంపాలి. ఏ.ఎస్. రావు నగర్ నుంచి బోయిన్‌పల్లికి ఆ వేళప్పుడు ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసు. అన్నిటికంటే, ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకున్న ఆయన్ని చూడడానికి నాకు భయం. ఇంటికెళ్ళాక మా ఆయన, "చూసొచ్చావా?" అని అడిగితే, "రావొద్దన్నారు, రెస్ట్ తీసుకోవాలట" అన్నాను. రెస్ట్ అనే మాట సార్ అననే లేదు. అది నేనే పూడ్చాను. ఏళ్ళ తరబడి ప్రతి సోమవారం చేయెత్తినదాన్ని, ‘ఏంటి సార్, మళ్ళీ చెప్పండి’ అని ఒక్కసారి అడగలేకపోయాను. రెండు రోజుల తర్వాత ఆయన పోయారు.

పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఫోటోకి దండ, పక్కన ఆయన కళ్ళజోడు. ఆంటీ నా చేయి పట్టుకుని కూర్చున్నారు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, నేను ఫోన్ చేసిన రోజు సార్ నన్ను రావొద్దన్నారు కదా?"

"ఏమో బిడ్డా, నేను గిలాసల నీళ్ళు పోస్తున్న, ఇనలే." నా మొహంలోకి చూశారు. "నువ్వు ఇన్నవ్ గద?"

"విన్నాను ఆంటీ" అన్నాను.

చ్చో ద్దో ఇక తేలదు, తేల్చేవాళ్ళెవరూ లేరు అని మొన్నటిదాకా సర్దిచెప్పుకున్నాను. తేలనిదాన్ని తలుచుకుని ఎంతకాలం కుములుతానులే అని కూడా అనుకున్నాను. నిన్న బేకరీలో అతను చెంచా ఎత్తాడు. నా నోట్లోంచి రెండు మాటలు వచ్చాయి. అతను సారు లెక్కనే అన్నాడు. అప్పుడు తట్టింది. గ్లాసు సగంలోనే కింద పెట్టేశాను.

ఆయన వద్దంటే రెండు మాటలు రావాలి. ఆ రోజు ఫోనులో దగ్గు వినపడింది, నీళ్ళు వినపడ్డాయి, ‘పెడ్త’ వినపడింది. ‘రాకు’ అనలేదు.